పక్కకు పొమ్మన్న మాట

పాల్ చెడ్డవాడు కాడు. జరిగింది చెప్పేముందు ఆ ఒక్క మాట చెప్పుకోవాలి. అంతా విన్నాక ఆ మాట నమ్మడం కష్టం.

పాన్‌గల్ దగ్గర, కాలువ నీళ్లు ఎక్కని మిట్ట మీది ఊరు అతనిది. తల్లిదండ్రులు పెట్టిన పేరు దశరథం. ఆధార్ కార్డులో ఇప్పటికీ అదే ఉంది. చిన్నప్పుడు వాళ్లతోపాటు ఊళ్లు తిరిగి, కాలువలు తవ్వే పనుల్లో మట్టి తట్టలు మోశాడు. ఒక ఏడు ఒరిస్సా దిక్కు పనికిపోయినప్పుడు జ్వరం వచ్చి చావు దాకా పోయి బతికాడు. బతికించింది యేసుప్రభువేనని నమ్మి ఆయన వెంట నడిచాడు. పాస్టరు శిక్షణ పూర్తిచేసి పాల్ అని పేరు మార్చుకుని సొంత ఊరికే తిరిగివచ్చి, నాలుగు గుంజలు పాతి, రేకులు కప్పి మందిరం కట్టాడు. ఎవరింట్లో పానం బాగాలేకున్నా తన పాత బండి మీద వనపర్తి దవాఖానకు తీసుకుపోయేవాడు. ఎవరు చనిపోయినా గుంత తవ్వడానికి మొదట గడ్డపార పట్టేవాడు. ఊళ్లో హిందువులు కూడా అతన్ని అయ్యగారూ అనే పిలిచేవాళ్లు.

బోర్ల దగ్గర ప్రార్థన అతను కోరి మొదలుపెట్టింది కాదు. ఒక ఎండాకాలం, మందిరానికి వచ్చే ప్రేమలత తన చేనులో బోరు వేయిస్తూ వచ్చి ప్రార్థన చేయమని బతిమాలింది. పాల్ మోకాళ్ల మీద పడి, ప్రభువా, నీ చిత్తమైతే ఈ బిడ్డకు నీళ్లియ్యి అన్నాడు. నీళ్లు పడ్డాయి. తర్వాత ఇంకొకరు పిలిచారు. అక్కడా పడ్డాయి. మరోచోట పడలేదు. కానీ పడని బోరు గురించి ఎవరు మాట్లాడతారు? పడిన బోరు మాత్రం రోజూ మోటరు చప్పుడుతో తన గురించి తాను చెప్పుకుంటుంది. పక్క ఊళ్లవాళ్లు రావడం మొదలైంది. మొదట నడుచుకుంటూ పోయేవాడు. ఆ తర్వాత ఆటో పంపేవాళ్లు. ఆ తర్వాత కారు.

ఎప్పుడు పోయిందో తెలియదు గాని, అతని ప్రార్థనలోంచి 'నీ చిత్తమైతే' అన్న మాట పోయింది. 'అడుగుతున్నాను' అన్నచోట 'ఆజ్ఞాపిస్తున్నాను' వచ్చింది. భూమీ, యేసు నామంలో నీకు ఆజ్ఞాపిస్తున్నాను, నోరు తెరువు అనేవాడు. వినేవాళ్ల ఒళ్లు జలదరించేది. అతని భార్య స్వరూప ఒకరోజు బియ్యం చెరుగుతూ, "ఎవరికి ఆజ్ఞాపిస్తుండ్రు మీరు?" అని అడిగింది. భూమికి అన్నాడు పాల్. "భూమి ఎవరిది మరి?" అంది ఆమె. అతను నవ్వి, బండి తాళం తీసుకుని బయటికి పోయాడు.

మద్దిలేటి మందిరానికి కొత్తగా వస్తున్నవాడు. అతనికి మిట్ట మీద చేను ఉంది, అందులో ఎండిపోయిన బోర్లు ఉన్నాయి. అతని అన్న పుణెలో సెంట్రింగు పనికి పోతే, వదిన సరోజ ఇక్కడే ఉండి పక్కనే ఉన్న తమ వాటా చేను చెక్కను చూసుకునేది. మద్దిలేటి కన్నా, ఆ మాటకొస్తే పాల్ కన్నా ముందు ప్రభువును నమ్ముకున్న మనిషి సరోజ. పెద్దగా మాట్లాడదు. అందరూ గంటసేపు ప్రార్థన చేస్తే ఆమెది రెండు మాటల్లో అయిపోయేది.

ఆ ఏడు మద్దిలేటి చివరిసారి బోరు వేద్దామనుకున్నాడు. ఆ ముందు ఆదివారం పాల్ మందిరంలో నిలబడి, వాక్యం మధ్యలో, ఎవరూ అడగకుండానే, "గురువారం మద్దిలేటి చేన్ల నీళ్లు పడ్తయి. పడకుంటే నన్ను దైవజనుడు అనకుండ్రి" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో స్వరూప తల దించుకుని కూర్చోవడం అతను చూశాడు. చూడనట్టే ఉన్నాడు.

గురువారం పొద్దున బోరు లారీ వచ్చింది. ఊరు సగం చేను గట్ల మీద చేరింది. పాల్ తెల్ల లాల్చీ వేసుకుని భూమికి ఆజ్ఞ ఇచ్చాడు. యంత్రం మొదలైంది. రాడ్డు మీద రాడ్డు దిగుతున్నది, బొక్కలోంచి తెల్లటి రాతి పొడి మేఘంలా లేస్తున్నది. పొద్దు నెత్తి మీదికి వచ్చినా ఆ పొడి తడి కాలేదు. జనం తలల మీద, పాల్ లాల్చీ మీద పొడి పేరుకుంది. లారీ తమిళ డ్రైవరు ఇక దండగ అన్నట్టు చెయ్యి ఊపాడు. మద్దిలేటి నేల మీద కూలబడ్డాడు. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పాల్ చెవిలో పడింది.

అప్పుడే సరోజ చెంబుతో నీళ్లు తెచ్చి అతని చేతికిచ్చింది. ఇస్తూ, మెల్లగానే అంది.

"దేవుడు ఇస్తే ఇస్తడు, లేకుంటే లేదు అయ్యగారూ. ఆయన ఇష్టం. మీరెందుకు మాటిచ్చిండ్రు? ఇప్పుడు నగుబాటయ్యేది ఆయన పేరే గద."

మెల్లగా అన్నా చుట్టూ ఉన్న నలుగురికి వినబడింది. ఆ మాట తప్పయి ఉంటే పాల్‌కు అంత కోపం వచ్చేది కాదు. చెంబు నేల మీద పెట్టి, అందరికీ వినబడేటట్టు గొంతు లేపాడు.

"నీ అసుంటి సణుగుడు జనమే అరణ్యంల రాలిపోయింది. నీ నోట్ల అవిశ్వాసం ఉంది. నువ్వు ఈడ నిలబడ్డంత సేపు నీళ్లు పడవు. దేవుడు నాకు చెప్తుండు. పక్కకు పో."

దేవుడు అతనికి ఏమీ చెప్పలేదు. ఆ మాట నోటి నుంచి బయటికి వస్తున్నప్పుడే పాల్‌కు అది తెలుసు. ఎండ, దుమ్ము, ఆ నవ్వు, అంతే. ఇంకేమీ లేదు అతని లోపల. అయినా ఆగలేదు. డ్రైవరు దిక్కు తిరిగి, "ఇంకొక రాడ్డు దింపు. నీళ్లు నేను రప్పిస్త" అన్నాడు.

సరోజ అతని మొహం దిక్కు ఒకసారి చూసింది. చెప్పులు చేతిలో పట్టుకుని గట్టు వెంట నడిచిపోయింది. ఆమె చేను చివర తంగేడు పొదల దాకా పోయిందో లేదో, బొక్కలోంచి లేచే పొడి నల్లబడింది. ముద్దలు ముద్దలుగా బురద ఎగిరింది. ఆ తర్వాత నీళ్లు, లారీ కొసకన్నా పైకి, ఎండలో తెల్లగా. జనం కేకలు వేశారు. మద్దిలేటి వచ్చి పాల్ కాళ్ల మీద పడ్డాడు. ఎవరో అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. అంత ఎత్తు నుంచి అతనికి దూరాన సరోజ కనబడింది. ఆమె ఆగి, వెనక్కి తిరిగి, నీళ్ల దిక్కు రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది.

మందిరంలో పాటలు పాడించే ఉదయ్ కిరణ్ ఇదంతా ఫోనులో తీశాడు. సరోజతో అన్న మాట, ఆమె నడిచిపోవడం, నీళ్లు ఎగరడం, అన్నీ వరసగా ఒకే ముక్కలో ఉన్నాయి. సాయంత్రానికి అది పెబ్బేరు దాటింది, మర్నాటికి గద్వాల దాకా పోయింది. పాల్ ఇంట్లో కూర్చుని ఆ వీడియో మళ్లీమళ్లీ చూసుకున్నాడు. స్వరూప పక్కన నిలబడి ఒకసారి చూసింది. సరోజక్క ఇంటికి పోయి ఒక మాట చెప్పి రావాలంది. రేపు పోతానన్నాడు. పోలేదు.

ఆ ఆదివారం సరోజ మందిరానికి రాలేదు. చూసిండ్రా, లోపల ఉన్నది బయటపడింది అనుకున్నాడు పాల్. పైకి అనలేదు గాని, అవిశ్వాసం గురించి రెండు గంటలు వాక్యం చెప్పాడు. పేరు చెప్పకున్నా అది ఎవరి గురించో అందరికీ తెలిసింది.

వానలు పడ్డాయి. నాట్లు మొదలయ్యాయి. నాటు వేసే ఆడవాళ్ల గుంపులో ఎప్పుడూ సరోజ ముందుండేది. ఈసారి ఆమెను పిలవలేదు. ఆమె తమ పొలంలో నారు పట్టుకుంటే ఏమవుతుందోనని ఎవరి భయం వాళ్లది. మద్దిలేటి భార్య గీత, కొత్త మోటరు దగ్గరికి రావద్దని తోడికోడలికి చెప్పి పంపింది. ఎవరి బర్రె వట్టిపోయినా, పొద్దున్నే సరోజ ఎదురొచ్చిందేమో అనేవాళ్లు. ఇవన్నీ ఎవరూ కోపంతో చేయలేదు. జాగ్రత్తకు చేశారు. నీళ్లు సాక్ష్యం చెప్పాయి కదా. కళ్లతో చూశాం కదా.

పాల్ చెవికి ఇవి ముక్కలు ముక్కలుగా వస్తుండేవి. మద్దిలేటి కూతురు వర్షకు ఓణీల ఫంక్షన్ చేసినప్పుడు మాత్రం కళ్లారా చూశాడు. అతన్ని ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. పసుపు పూయడానికి ముత్తైదువలను ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. సరోజ ఆ పిల్లకు సొంత పెద్దమ్మ. పురిట్లో ఎత్తుకున్న మనిషి. ఆమె పందిరి బయట, వంటలవాళ్ల దగ్గర, చేతిలో కవరు పట్టుకుని నిలబడి ఉంది. లోపల మడత విప్పని కొత్త చీర కనబడుతున్నది. చాలాసేపు చూసి, ఆ కవరు ఒక పిల్ల చేతికిచ్చి లోపలికి పంపి, వెళ్లిపోయింది. పోతూ పాల్ దిక్కు చూసింది. పాల్ పక్కనున్నాయనతో వానల గురించి మాట్లాడుతున్నట్టు మొహం తిప్పుకున్నాడు. ఆ రోజు విస్తరి ముందు నుంచి సగంలోనే లేచాడు. ఎండకు కావచ్చు అనుకున్నాడు.

అతన్ని ఆపి నిలబెట్టింది మాత్రం ఊరివాళ్లెవరూ కాదు.

పెబ్బేరు సంతలో పశువుల బేరాలు కుదిర్చే యాకూబ్ అని ఒకాయన ఉన్నాడు. సంత పక్కనే ఇల్లు, వెనక పెద్ద కొట్టం. అమ్మకానికి వచ్చిన ఎడ్లను రెండు మూడు రోజులు కట్టేసుకోవాలి, వాటికి నీళ్లు కావాలి. ట్యాంకర్లతో విసిగిపోయి కొట్టంలోనే బోరు వేయిద్దామనుకున్నాడు. వీడియో చూసి ఫోను చేశాడు. పాల్ ఒక శనివారం సంత రోజున పోయాడు. సంత దారిలో ఇద్దరు ముగ్గురు గుర్తుపట్టి, నీళ్ల పాస్టరు వచ్చిండని చూపించుకున్నారు. అది అతనికి ఇష్టంగానే తోచింది. ఆ సంగతి దాచేదేముంది.

యాకూబ్ మర్యాదగా కూర్చోబెట్టాడు. కొట్టం చూపించాడు, బోరు వచ్చే శనివారం అన్నాడు. ఆ తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"పాస్టర్ సాబ్, మీరేం అనుకోకుండ్రి. ఆ రోజు ఎవరిని పక్కకు పంపాలె? జర ముందే చెప్తే బాగుంటది."

పాల్‌కు మొదట అర్థం కాలేదు. యాకూబ్ వివరంగా చెప్పాడు. ఇంట్లో పెద్దమ్మ బడేబీ ఉంది. భర్త పోయాడు, కన్న పిల్లలిద్దరూ పోయారు, తననే కొడుకులా పెంచింది. మంచి మనిషే, కానీ నసీబు లేని మనిషి. ఆమె ఉంటే పడదేమోనని తన భార్య యాస్మిన్ అంటున్నది. బీచుపల్లి వంతెన దాటితే ఎర్రవల్లిలో చుట్టాలున్నారు, అక్కడికి పంపితే సరిపోతుందా, ఇంకా దూరం పంపాలా?

పాల్ నోరు తెరిచే లోపలే బడేబీ చాయ్ పట్టుకుని వచ్చింది. వంగిన నడుము, చేతిలో కప్పు వణుకుతున్నది. అంతా వింటూనే ఉన్నట్టుంది. కప్పు అతని ముందు పెట్టి నవ్వింది.

"నువ్వేం ఫికర్ పడకు బేటా. నేనే పోత. బట్టలు కూడ సర్దుకున్న. నీళ్లు రావాలె గద."

గోడ వారన నిజంగానే ఒక చిన్న మూట కట్టి ఉంది.

పాల్ చాయ్ ముట్టుకోలేదు. ఎవరినీ ఎక్కడికీ పంపవద్దని మాత్రం చెప్పగలిగాడు. చెప్పిన తీరు యాకూబ్‌కు నమ్మకంగా తోచలేదు. లేచి వచ్చి బండి ఎక్కాడు. ఊరు దాటాక ఒక కల్వర్టు దగ్గర బండి ఆపి కూర్చున్నాడు.

ఎదురుగా లారీలు పోతున్నాయి. అతనికి మోషే గుర్తుకొచ్చాడు. ఎన్నిసార్లు ఆ కథ చెప్పాడో లెక్కలేదు. దప్పికతో సణుగుతున్న జనం మీద మోషేకు కోపం వచ్చింది. బండతో మాట్లాడమని దేవుడు చెబితే, ఆయన జనాన్ని ద్రోహులని తిట్టి, మేము మీకు నీళ్లు రప్పించాలా అని, కర్రతో బండను కొట్టాడు. అంత పెద్ద మోషే ఆ ఒక్క పనికి వాగ్దానదేశంలో అడుగు పెట్టలేకపోయాడు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ పాల్ ఒక సంగతి మీద నిలబడకుండా దాటిపోయేవాడు. ఇప్పుడు అది దారికి అడ్డంగా నిలబడింది. మోషే కొట్టినప్పుడు కూడా నీళ్లు వచ్చాయి. పుష్కలంగా వచ్చాయి, జనమూ తాగారు, పశువులూ తాగాయి. దప్పికగొన్న వాళ్ల మీది దయతో దేవుడు ఇచ్చాడు. కొట్టినవాడు ఒప్పు అని ఇవ్వలేదు.

నీళ్లు పడ్డాయి కాబట్టి నేను చెప్పింది నిజమని ఊరు నమ్మింది. నేను కూడా నమ్మాను. ఆయన చెప్పని మాటను ఆయన పేరు మీద చెప్పాను. ఆయన గద్దె మీద కూర్చుని, ఎవరు ఉండాలో ఎవరు పోవాలో తీర్పు చెప్పాను. ఇప్పుడు ఒక ముసలామె మూట కట్టుకుంది.

పాల్ మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. ఏడుపు రాలేదు. ఒళ్లంతా కాలినట్టు సిగ్గు కమ్ముకుంది. తనను ఎవరూ చూడకపోతే బాగుండు అనిపించింది. అందులోనే, చూడవలసినవాడు ఎప్పుడో చూశాడని కూడా తెలిసింది.

ఇంటికి వచ్చి స్వరూపకు అంతా చెప్పాడు. చెప్పిన వెంబడే ఒక ఉపాయం కూడా చెప్పాడు. తర్వాత బోరు ఎక్కడ వేసినా సరోజను పిలిచి ఆమె చేత ప్రార్థన చేయిస్తే సరి. నీళ్లు పడితే ఆమె మీద మచ్చ పోతుంది. స్వరూప అతన్ని వింతగా చూసింది.

"పడకుంటే? మళ్ల దేవునికే పరీక్ష పెడ్తరా? మీ తప్పు దిద్దనీకి ఆయన నీళ్లియ్యాల్నా?"

అప్పుడు పాల్‌కు అర్థమైంది. పశ్చాత్తాపపడుతూ కూడా తను దేవుడికి పని చెబుతున్నాడు.

పొద్దు ఉండగానే సరోజ ఇంటికి పోయాడు. ఆమె వాకిట్లో కట్టెలు కొడుతున్నది. కూర్చోమనలేదు. అతను నిలబడే చెప్పాడు. దేవుడు తనకు ఆ రోజు ఏమీ చెప్పలేదనీ, కోపంలో తనే ఆ మాట పుట్టించాననీ, క్షమించమనీ అడిగాడు. ఆమె గొడ్డలి పక్కన పెట్టి, చేతులు కొంగుతో తుడుచుకుంది. ఆ తర్వాత అంది.

"నేను ఆ దినమే మాఫ్ చేసిన అయ్యగారూ. నీళ్లు చూసి దండం పెట్టిన గద. కానీ ఇంట్లకొచ్చి నా చెవుల చెప్తే ఏం లాభం? నన్ను పొమ్మన్నది చేన్ల. పది మందిల."

ఆదివారం మందిరంలో చెబుతానన్నాడు పాల్. ఆమె తల అడ్డంగా ఊపింది. మందిరానికి రాని వాళ్లే ఎక్కువ నమ్ముతున్నరు ఆ మాట, చేన్లనే చెప్పుండ్రి అంది. అక్కడితో మళ్లీ గొడ్డలి అందుకుంది.

మందిరం పెద్దలకు చెబితే వద్దన్నారు. సంఘం చెదిరిపోతుందన్నారు. అంతగా చెప్పాలనిపిస్తే, ఆ సహోదరి కోసం ప్రత్యేకంగా ప్రార్థించాను, దేవుడు శాపం తీసేశాడని చెప్పవచ్చు కదా అన్నాడు ఉదయ్ కిరణ్. ఆ పిల్లవాడు మంచి మనసుతోనే అన్నాడు. ఈ తెలివి తన దగ్గర నేర్చుకున్నదేనని పాల్‌కు అర్థమై, మరింత కుంగిపోయాడు.

మంగళవారం మద్దిలేటి మడిలో నాటు. గీత, ప్రేమలత, ఇంకా చాలామంది ఆడవాళ్లు మోకాళ్ల దాకా బురదలో ఉన్నారు. గట్టు మీద మగవాళ్లు నారు కట్టలు విసురుతున్నారు. మోటరు నీళ్లు పోస్తున్నది. పాల్ పిలిస్తే సరోజ వచ్చింది, తమ చెక్క గట్టు మీదే నిలబడింది. పాల్ చెప్పులు విడిచి బోరు దగ్గరికి పోయాడు. ఎన్నో సభల్లో మైకు ముందు మాట్లాడినవాడు ఆ రోజు చేతులు కట్టుకుని చెప్పాడు.

"ఈడ నేను సరోజమ్మను పక్కకు పొమ్మన్న. దేవుడు చెప్పిండని చెప్పిన. దేవుడు చెప్పలే. అది అబద్ధం. నా మాట నెగ్గాలని ఆయన పేరు పెట్టుకున్న. ఆమె ఉన్నా నీళ్లు పడేటివే. నేను లేకున్నా పడేటివే. తప్పు ఆమెది కాదు, నాది."

ఒక ముసలాయన, అయ్యగారు ఎంత తగ్గించుకుంటుండో చూడుండ్రి అని మెచ్చుకున్నాడు. ఇంకొకరు అవునన్నారు. పాల్‌కు ఆ మెప్పు చెంపదెబ్బలా తగిలింది. ఇది తగ్గించుకోవడం కాదు, జరిగిందే చెబుతున్నాను అని మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. అప్పుడు మద్దిలేటి మొహం మారింది. అంత మందిలో మా వదినను అంటుంటే నేను చూసుకుంటూ కూర్చున్న, నీ మాట నమ్మి అన్న ఇంటితో మాటలు బంద్ చేసిన, ఇప్పుడు అబద్ధం అంటవా అన్నాడు. చేతిలో ఉన్న నారు కట్ట బురదలో విసిరికొట్టి వెళ్లిపోయాడు. ఇంకొందరు అతని వెనక పోయారు.

ప్రేమలత మడిలోంచి తన చేతిలోని నారు సగం తీసి సరోజ దిక్కు చాపింది. సరోజ ఒక క్షణం ఆగి, చీర చెక్కుకుని దిగింది. గీత పక్కకు జరిగి చోటిచ్చింది గాని, ఆమెతో మాట్లాడలేదు. సాయంత్రం దాకా మాట్లాడలేదు.

మందిరం ఆ తర్వాత సగం ఖాళీ అయింది. సరోజ మళ్లీ వస్తున్నది. చివరి చాప మీద కూర్చుని, అయిపోగానే వందనాలు చెప్పి వెళ్లిపోతుంది. పాల్‌తో అంతకన్నా మాట్లాడదు. ఉదయ్ కిరణ్ పాత వీడియో తీసేశాడు. కానీ తన దగ్గర తీసేస్తే ఏమవుతుంది, ఎన్ని ఫోన్లలో ఉందో. మడిలో పాల్ చెప్పింది ఎవరూ తీయలేదు. ఆ మాట పాన్‌గల్ కూడా చేరలేదు.

మడిలో చెప్పిన ఆ వారమే, యాకూబ్ బోరు వేసే శనివారం, పాల్ మళ్లీ పెబ్బేరు పోయాడు. పిలిచినందుకు కాదు, బడేబీని పంపవద్దని చెప్పినవాడు దగ్గర ఉండాలని. యాకూబ్‌కు కూడా అంతా విప్పి చెప్పాడు. తనకు ఏ శక్తీ లేదన్నాడు. యాకూబ్ సరే సరే అన్నాడు గాని, పెద్దవాళ్లు అట్లాగే అంటారన్నట్టు చూశాడు. పాల్ ఈసారి భూమికి ఏ ఆజ్ఞా ఇవ్వలేదు. బడేబీ పక్కన పీట వేసుకుని కూర్చుని, లోపల్లోపలే అడిగాడు. నాకోసం కాదు, ఈమె కోసం అన్నాడు.

బోరు పడలేదు. ఎంత దింపినా పొడే వచ్చింది. లారీ రాడ్లు ఎత్తుకుని వెళ్లిపోయింది. యాస్మిన్ లోపలికి పోయింది. యాకూబ్ కొట్టంలో ఎడ్ల మధ్య అటూ ఇటూ తిరుగుతున్నాడు, పెద్దమ్మ దిక్కు చూడకుండా.

బడేబీ కొంగు సవరించుకుంది.

"నేను పోయుంటే వచ్చేటివేమో బేటా" అంది.

"అట్ల కాదమ్మా. ఆ మాట నాది. దేవునిది కాదు" అన్నాడు పాల్.

"ఎవరిదైతేంది. మాట వచ్చింది గద" అంది ఆమె. కోపంగా అనలేదు. అతన్ని ఓదారుస్తున్నట్టే అంది.

పాల్ చెప్పడానికి ప్రయత్నించాడు. నీళ్లు ఉన్నచోట ఉంటాయి, లేనిచోట ఉండవు, మనిషి ఉండడం పోవడంతో దానికి సంబంధం లేదు అన్నాడు. ఆమె శ్రద్ధగా విన్నది. విని, పెద్దవాళ్లు చిన్నపిల్లల మాటకు తలూపినట్టు తలూపింది. ఆమె నమ్మలేదని అతనికి తెలిసింది. ఒకప్పుడు తను ఒక్క కేక వేస్తే ఊళ్లకు ఊళ్లు నమ్మాయి. ఇప్పుడు నిజం చెబుతుంటే ఒక్క మనిషి నమ్మడం లేదు. ఎన్నిసార్లు రావాలో, ఎన్ని వాకిళ్లలో ఇట్లా కూర్చోవాలో తెలియదు. వచ్చే శనివారం మళ్లీ వస్తానన్నాడు. ఎందుకు బేటా అంది ఆమె. ఊరికే అన్నాడు.

వీధిలో ట్యాంకరు హారను వినబడింది. బడేబీ గోడ పట్టుకుని లేచి బిందె అందుకోబోయింది. పాల్ ఆ బిందె తీసుకుని తనే పోయి వరసలో నిలబడ్డాడు. ముందున్న ఒకాయన వెనక్కి తిరిగి, పరీక్షగా చూసి, "మీరు ఆ నీళ్ల పాస్టరు గద?" అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఒకరిద్దరు నవ్వారు.

పాల్ తల ఎత్తలేకపోయాడు. కాదన్నాడు, ఆ వెంటనే అవునన్నాడు. బిందె ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని, వరస కదిలినప్పుడు అందరితోపాటు ఒక అడుగు ముందుకు జరిగాడు.